అమ్మవారికి దండం పెట్టిన కారు

మా కారు రోజూ దీపం వేళకు అమ్మవారికి దండం పెడుతుందని నాందేడ్‌లో మా గల్లీ మొత్తం నమ్మిన రోజులున్నాయి. నమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషిని, రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోవద్దని పిల్లల ప్రాణాలు తోడేసే మనిషిని, తలమీద కొంగు కప్పుకొని కారు వైపు చేతులు జోడించాను. ఇప్పుడు తలుచుకుంటే వంటింట్లో ఒక్కదాన్నే పడీపడీ నవ్వుతాను. కుక్కర్ కూత కూడా వినిపించదు.

కారు సంగతి ముందు చెప్పాలి. మా ఆయనది రైల్వే ఉద్యోగం. మామగారిదీ రైల్వేనే. ఆ ఉద్యోగం పట్టుకునే వీళ్ల కుటుంబం నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. మా ఆయన ముచ్చటపడి హైబ్రిడ్ కారు కొన్నారు. కొన్న కొత్తలోనే అకోలాకు బదిలీ అయింది. ఆయన రైలెక్కి వెళ్లిపోయారు. ఇంట్లో కారు, నేను, మా అత్తమ్మ మిగిలాం.

ఆ కారులో రెండు బ్యాటరీలుంటాయి. పెద్దది చక్రాలు తిప్పుతుంది. చిన్నది డిక్కీలో ఓ మూలన ఉంటుంది. అది తలుపులు తెరవాలి, లైట్లు వెలిగించాలి, పొద్దున్నే పెద్దదాన్ని నిద్రలేపాలి. చిన్నది పడుకుందంటే పెద్దది ఎంత నిండుగా ఉన్నా కళ్లు తెరవదు. ఈ ఏర్పాటు నాకు ఇట్టే అర్థమైంది. మా ఇంట్లోనూ పెద్ద జీతం మా ఆయనదే, కానీ పొద్దున అత్తమ్మ చాయ్ పెట్టందే ఎవరూ మంచం దిగరు.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది నలభై దాటాక. నేర్పినతను నా పక్కన కూర్చుని ఎంతమంది దేవుళ్లను పిలిచాడో అతనికే తెలియాలి. కానీ చేయి తిరిగాక చూడాలి నన్ను. స్టీరింగ్ పట్టుకుంటే నాకు పాట వస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినా పాడుతూనే ఉంటాను, పక్కన బండివాళ్లు తిరిగి చూసినా ఆపను. ఏళ్ల తరబడి ఆటోలో నలుగురి మధ్య ఒదిగి కూర్చుని కాలేజీకి పోయినదాన్ని. ఆ డ్రైవర్ సీటు నాకు ఎంత ఇష్టమో చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

ఇక మా అత్తమ్మ మొక్కు. బండి ఇంటికొచ్చిన రోజే ఆమె హారతిచ్చి చెప్పేసింది.

"ఈ బండి మాహూరు పోయి అమ్మ మొఖం చూసి అచ్చేదాంక, తాళంచెవి అమ్మ కాళ్లకాడనే ఉంటది. యాడికన్న పోండ్రి, ఎన్నిసార్లన్న పోండ్రి. ఇంటికి రాంగనే గూట్ల పెట్టాలె."

మాహూరు కొండమీది రేణుకామాతను మా అత్తమ్మ ఎల్లమ్మ అంటుంది. పూజగదిలో గోడకున్న గూట్లో ఆ తల్లి పటం ఉంటుంది. ఆ గోడకు అవతలే కారు నిలబెట్టే చోటు. మధ్యలో ఒక చిన్న కిటికీ. మా ఆయన వచ్చే నెల పోదాం, పండగయ్యాక పోదాం అని మాహూరు ప్రయాణం వాయిదా వేస్తూ పోయారు, తాళంచెవి గూట్లోనే కాపురం పెట్టింది. రోజూ సాయంత్రం అత్తమ్మ దాన్ని పెరట్లో తులసికోట దగ్గరికి తీసుకుపోయి, తడిగుడ్డతో తుడిచి, పసుపూ కుంకుమా పెట్టి, మళ్లీ తెచ్చి అమ్మ పాదాల దగ్గర పెట్టేది. దాని మీటల సందుల్లోంచి పసుపు రాలుతుండేది. నా పర్సులో చీటీలన్నీ శుభలేఖల్లా తయారయ్యాయి.

మొదటిసారి బండి మొరాయించింది వినాయకచవితి సెలవుల తర్వాత. మీట నొక్కితే తలుపు తెరుచుకోలేదు. తాళంచెవి లోపల దాచిన ఇనప చెవి ఒకటి ఉంటుంది, దాన్ని బయటికి లాగితే ముందు పసుపు వచ్చింది, తర్వాత చెవి వచ్చింది. లోపల కూర్చుని బటన్ నొక్కాను. డాష్‌బోర్డు మీద ఉన్న గుర్తులన్నీ ఒక్కసారి వెలిగి, టకటకమని చప్పుడు చేసి ఆరిపోయాయి.

బండి ఆగిందంటే తోయడం మా గల్లీలో ఆచారం. ఎవరూ అడగరు, ఎవరూ పిలవరు, చేతిలో టిఫిన్ ప్లేటు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టేసి వచ్చేస్తారు. ఆరోజూ అలాగే వచ్చారు. పక్కింటి మరాఠీ ఆవిడను అందరూ కాకూ అంటారు, పిన్నిలాంటి పిలుపు. ఆవిడ భర్త ముందు, ఎదురింటివాళ్లు వెనక, కాకూ అజమాయిషీ. "జోర్ లగావ్!" అని ఒకటే అరుపులు. బండి అంగుళం కదలలేదు. చిన్న బ్యాటరీ చచ్చిపోతే ఈ బండి చక్రాలు పట్టేసుకుని ఉంటాయి, పైగా తోస్తే స్టార్టయ్యే జాతి కాదిది. ఆ సంగతి నాకప్పుడు తెలియదు. అంతమంది కలిసి మా ఇంటిగోడను తోసినా ఫలితం అంతే ఉండేది. చివరికి కాకూ భర్త నడుం పట్టుకుని అరుగుమీద కూలబడ్డారు. "ఇది గాడీనా, కిల్లానా?" అని అడిగారు. నేను ఏడవాల్సింది పోయి నవ్వడం మొదలుపెట్టాను. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.

బ్యాటరీ దుకాణం భయ్యా వచ్చి వైర్లు తగిలించి బండిని లేపాడు.

"బ్యాటరీ ఉతర్ గయీ మేడమ్. ఖరాబ్ హో గయీ, బదల్ డాలో," అన్నాడు.

సరేనని కొత్తది వేయించాం. కాలేజీ ఉన్నన్నాళ్లు రోజూ తిరుగుతుంది కాబట్టి బండి బాగానే ఉండేది. రెండు మూడు రోజులు సెలవొచ్చి ఇంట్లో ఉందంటే మళ్లీ చచ్చేది. భయ్యా మళ్లీ వచ్చి తల గోక్కున్నాడు. పాటల డబ్బా మీద అనుమానపడి దాన్ని పీకాడు. తర్వాత వెనక కెమెరా మీద పడ్డాడు. నా పాటలూ పోయాయి, వెనక ఏముందో కనిపించడమూ పోయింది. బండి చావడం మాత్రం పోలేదు.

మా ఆయన అకోలా నుంచి ఫోన్‌లో వైద్యం చేసేవారు. "బ్రేకు గట్టిగ తొక్కినవా? బటన్ సక్కగ నొక్కినవా?" అని. బటన్‌ను వంకరగా ఎలా నొక్కుతారో నాకిప్పటికీ తెలియదు. ఒకరోజు విసిగిపోయి తేల్చేశారు.

"ఇగో చూడు, ఇంకొక్కసారి బంద్ పడితే బండిని మా ఆఫీసు దోస్తుకు ఇచ్చేస్త. చాన్నాళ్ల సంది అడుగుతుండు. నీకు ఆటోలు లేవా?"

ఆటో అన్న మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. బండి పాడైతే బాగుచేయించాలి గానీ నన్ను మళ్లీ ఆ ఇరుకులో కూర్చోబెడతానంటే ఎలా? ఫోన్ పెట్టేసి గిన్నెలు తోమాను. ఎంత కోపంగా తోమానంటే పనావిడ మర్నాడు వచ్చి, ఎవరన్నా కొత్త మనిషిని పెట్టుకున్నారా అని అడిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బండి మహిమ బయటపడింది. నవరాత్రుల్లో కాకూ పసుపుకుంకుమకు వచ్చి పూజగది కిటికీ దగ్గర నిలబడింది. చీకటి పడుతోంది. అత్తమ్మ తులసికోట దగ్గర్నుంచి తాళంచెవి తెచ్చి గూట్లో పెట్టింది. అంతే, బయట కారు అద్దాల కింద దీపాలు మెల్లగా వెలిగాయి. ముందు లైట్లు కూడా ఒకసారి కళ్లు తెరిచి మూశాయి.

"అగబాయీ!" అని కాకూ గుండెమీద చేయి వేసుకుంది. "బఘా, బఘా! గాడీ నమస్కార్ కరతే!"

అత్తమ్మ కిటికీలోంచి చూసింది. నేనూ చూశాను. లోపల ఎల్లమ్మ, బయట తలవంచినట్టు మెల్లగా ఆరిపోతున్న దీపాలు. కొంగు దానంతటదే తలమీదికి పోయింది.

ఇక చూడండి మా ఇంటి సందడి. మర్నాడు ముగ్గురు వచ్చారు, ఆ తర్వాత కిటికీ దగ్గర చోటు చాలలేదు. ఒకావిడ బండికి బంతిపూల దండ తెచ్చింది. ఒకావిడ కొడుకు పరీక్ష గట్టెక్కాలని బండి చుట్టూ ప్రదక్షిణలు చేసింది. ఇంకొకావిడ నా బంపర్ మీద కొబ్బరికాయ కొట్టబోతే నేను అడ్డంపడి, కావాలంటే నా నెత్తిమీద కొట్టమన్నాను. అత్తమ్మ సాయంత్రమయ్యేసరికి ఉతికిన చీర కట్టుకుని, పెద్ద గిన్నెలో చాయ్ పెట్టి కూర్చునేది. మామగారు పోయాక ఆ ముఖంలో అంత కళ నేను చూడలేదు. నాకూ సంతోషంగానే ఉండేది. కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కూడా గొప్పగా చెప్పాను. ఫిజిక్సు సారు నావైపు జాలిగా చూస్తే ఆయనకు భక్తి లేదనుకున్నాను.

దసరా సెలవుల్లో బండి మళ్లీ ఆగింది. ఈసారి అత్తమ్మ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది.

"అమ్మ అలిగింది బిడ్డ. రోజూ దండం పెట్టిచ్చుకుంటున్నది గని, మనం కొండకు తీస్కపోతలేం గదా. అలగదా మరి?"

మా ఆయనకు మాత్రం ఆ చావు సంగతి మేమిద్దరం చెప్పలేదు. భయ్యా చేత గుట్టుగా లేపించుకున్నాం. దీపావళి సెలవులు ముందున్నాయి, బండి చాలా రోజులు ఇంట్లోనే ఉండాలి. కార్తీకంలో ఒక ఆదివారం ఖాయంగా మాహూరు పోదామని ఆయన మాటిచ్చారు. ఆ ముందురోజు ఆయన ఇంటికొచ్చేసరికి బండి చచ్చి ఉందంటే మొక్కూ పోతుంది, నా సీటూ పోతుంది.

దీపావళికి ముందు అత్తమ్మ బోధన్‌లో చెల్లెలింటికి వెళ్లింది. నేను రోజూ దీపం పెట్టాను కానీ, తాళంచెవికి స్నానం చేయించి బొట్టు పెట్టే ఓపిక లేక దాన్ని వెనకగదిలో నా పర్సులోనే పడేశాను. బండి జోలికే పోలేదు. ఎందుకులే కదిపి చూసి ఏడవడం అని. అత్తమ్మ తిరిగొచ్చే రోజు స్టేషన్‌కు పోవాలి. ఇక తప్పదని, కళ్లు మూసుకుని బటన్ నొక్కాను. 'రెడీ' అని పచ్చగా వెలిగింది! అన్ని రోజులు మూలనపడి ఉన్న బండి ఒక్క నొక్కుకు లేచి కూర్చుంది. నేను స్టేషన్ దాకా పాడుతూనే పోయాను. ఆ వారం నా కుంభరాశికి మంచిదట, దాని చలవే అనుకున్నాను.

అత్తమ్మ వచ్చింది. తాళంచెవి గూట్లోకి పోయింది. గల్లీ ఆడవాళ్లు వచ్చారు, బండి దండం పెట్టింది, చాయ్‌లు తాగారు. ఆ వారంలోనే బండి మళ్లీ చచ్చింది.

ఈసారి నాకు భయం వేయలేదు, మంట పుట్టింది. ఆమె లేనప్పుడు బతికింది, ఉన్నప్పుడు చచ్చింది. మారిందేమిటి? క్లాసులో పిల్లలను ఇదే ప్రశ్న వేసి పీక్కుతింటాను. భయ్యాను పిలిచి బండిని లేపించి, సాయంత్రం అత్తమ్మ కూరగాయలకు పోయిన సమయం చూసి తాళంచెవి చేతిలోకి తీసుకున్నాను. పెరట్లోకి పోయాను. తిరిగి గూటి దగ్గరికొచ్చాను. కిటికీలోంచి బండి దండం పెట్టింది. మళ్లీ పెరట్లోకి పోయాను, మళ్లీ వచ్చాను. మళ్లీ దండం. నేను దీపం ముట్టించలేదు, పూలు పెట్టలేదు, చెప్పులు కూడా విప్పలేదు. అయినా దండమే!

అర్థమైపోయింది. తాళంచెవి దగ్గరికి రాగానే, యజమాని వచ్చిందనుకుని బండి లైట్లు వేసి పలకరిస్తుంది. నేనెప్పుడూ పట్టపగలు బండి తీసేదాన్ని, ఆ వెలుతురులో ఆ దీపాలు నాకు కనిపించనేలేదు. తాళంచెవి గోడ అవతలే పగలూ రాత్రీ ఉంటే, యజమాని ఇప్పుడెక్కుతుందా, కాసేపట్లో ఎక్కుతుందా అని బండి కునుకు తీయకుండా కాచుకుంటుంది. ఆ కాపలా మొత్తం పాపం చిన్న బ్యాటరీ చేయాలి. రోజూ కాలేజీకి తిరిగినప్పుడు తాగిన కరెంటు మళ్లీ నిండుతుంది, సెలవుల్లో నిండదు. అంటే మాహూరు పోయొస్తే గానీ తాళంచెవి గూట్లోంచి రాదు, తాళంచెవి గూట్లోంచి వస్తే గానీ బండి మాహూరు పోదు. నేను పూజగది గడప మీద కూర్చుని కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను.

నవ్వు ఆగాక బెంగ పట్టుకుంది. అత్తమ్మకు ఎలా చెప్పడం? సాయంత్రాల చాయ్ గిన్నె కళ్లముందు కనిపించింది. చెప్పకపోతే ఆదివారం లేదు, నా సీటు లేదు. ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని నేనూ తుంచుతూ మొత్తం చెప్పేశాను.

ఆమె చేతిలో కాయ తుంచి ఒడిలో వేసుకుంది. తర్వాత అడిగింది.

"అంటే బండి దండం పెట్టేది అమ్మకు కాదా?"

"కాదు అత్తమ్మ. తాళంచెవికి."

"తాళంచెవి ఎవలిది?"

"...నాదే."

"అంటే గిన్నొద్దుల సంది గల్లీ ఆడోళ్లంత దండ తెచ్చి, చుట్టూ తిరిగి, నీ బండి నీకు పెట్టిన దండం చూస్తున్నరన్నట్టు!"

అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి నాకూ మళ్లీ మొదలైంది. చిక్కుడుకాయలు ఒడిలోంచి జారి నేలపాలయ్యాయి. ఇద్దరం ఒకరిమీద ఒకరు పడి నవ్వుతుంటే కాకూ గోడమీంచి తొంగిచూసి ఏమైందని అడిగింది. ఆ ప్రశ్నకూ నవ్వాం.

కళ్లు తుడుచుకుని అత్తమ్మ గూటి వైపు చూసింది. మొక్కు తప్పే మనిషి కాదు.

"తాళంచెవి అమ్మ కాళ్లకాడనే ఉండాలె," అన్నది. "గని అమ్మ గా గోడకే ఉండాలని ఎవలన్నరు? లే, పటం అందుకో."

ఆ సాయంత్రమే అమ్మవారికి పెరటి వైపు గదిలో కొత్త చోటు కుదిరింది. గాలీ వెలుతురూ అక్కడే బాగుందని అత్తమ్మ తేల్చింది. ఆడవాళ్లు వచ్చారు. దీపం వెలిగింది, తాళంచెవి పాదాల దగ్గర చేరింది, బయట బండి చీకట్లో గమ్మున నిలబడింది. అత్తమ్మ ఏమీ దాచలేదు.

"తాళంచెవి కనవడితే లైట్లు ఏసుకుంటదంట. మనం దండమనుకున్నం. అయితేంది, మనం పెట్టిన దండాలు అమ్మకు ముట్టకుంట పోతయా? కూసోండ్రి, చాయ్ తాగుదురు."

కూర్చున్నారు. మర్నాడూ వచ్చారు. ప్రదక్షిణలు చేసినావిడ మాత్రం, కొడుకు పాసయ్యాడు కాబట్టి మహిమ లేదంటే ఒప్పుకోనని వాదించింది. తను మొక్కింది బండికి కదా, పాస్ చేయించింది బండి కాక ఇంకెవరని.

శనివారం మా ఆయన వచ్చారు. పట్టుబట్టి వారమంతా బండిని ముట్టుకోకుండా ఉంచాను. ఆయన బటన్ నొక్కుతుంటే నేనూ అత్తమ్మా చేతులు పట్టుకుని నిలబడ్డాం. 'రెడీ'. ఇద్దరం గంతేసినంత పని చేశాం.

"కొత్త బ్యాటరీ గదా, పనిచేస్తది మరి," అన్నారాయన తాపీగా. "అయినా మా దోస్తు ఇంకా అడుగుతనే ఉన్నడు. చూద్దాం."

నేను పళ్లు కొరుక్కున్నాను.

ఆదివారం తెల్లవారింది. స్నానాలయ్యాయి, నైవేద్యం సర్దుకున్నాం. బయటికొచ్చి చూస్తే మా ఆయన డ్రైవర్ సీట్లో దర్జాగా కూర్చుని అద్దం సవరిస్తున్నారు. నా సీటు. అడవి దారి, పైగా కొండ, ఆయనే నడపాలని ఆయనకు ఆయనే అనుకున్నారు, నన్నొక్క మాట అడగలేదు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏమన్నా అంటే మంచిరోజు గొడవైపోతుందని వెనక తలుపు మీద చేయి వేశాను.

అత్తమ్మ బండి ముందు నిలబడిపోయింది.

"నువ్వు దిగు," అన్నది కొడుకుతో.

"ఏందమ్మా?"

"దిగు అంటున్న. ఎనక కూసో. నడిపేటోళ్లు నడుపుతరు."

"ఘాట్ ఉంటదమ్మా. గంత దూరం ఇది ఎప్పుడన్న నడిపిందా?"

"నడపకపోతే ఎట్ల తెలుస్తది? నీకు చేతకానప్పుడు బండిని బతికిచ్చుకున్నది ఇది. దిగు, పొద్దు పోతున్నది."

ఆయన దిగారు. నైవేద్యం డబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. నా బండిలో ఎప్పుడూ వెనకే కూర్చునే అత్తమ్మ, ముందు తలుపు తెరిచి నా పక్కన కూర్చుంది. బెల్టు నేనే పెట్టాను.

భోకర్ దాటేదాకా రెండు పక్కలా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. నేను పాడుతూ నడిపాను. వెనకనుంచి "బ్రేకు, బ్రేకు" అని ఒకటే తాళం. టేకు అడవిలోకి వచ్చేసరికి ఆ తాళం తగ్గింది. కిన్వట్‌లో చాయ్ తాగుతూ ఆయనే ఫోన్ తీశారు. "లేదు భాయ్, ఇంట్ల బండి అవసరమున్నది. నువ్వు వేరేది చూస్కో," అన్నారు. నావైపు చూడకుండానే అన్నారు. నేను ఇంకో చాయ్ చెప్పాను, అవసరం లేకపోయినా.

మాహూరు కొండ మొదలైంది. మలుపు మీద మలుపు. ఎదురుగా జీపులు హారన్ కొట్టుకుంటూ దిగుతున్నాయి. నా పాట ఎప్పుడు ఆగిపోయిందో నాకే తెలియదు. ఓరగా పక్కకు చూస్తే అత్తమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, ఒక చేత్తో తలుపు పిడినీ, ఇంకో చేత్తో నా వైపు సీటు అంచునూ పట్టుకుని ఉంది. పెదాలు కదులుతున్నాయి.

"భయమైతున్నదా అత్తమ్మ?"

"అయితున్నది."

"మరి రోజూలెక్క ఎనక కూసుంటే అయిపోయేది గదా?"

ఆమె కళ్లు తెరవలేదు.

"నేను ఎనక కూసుంటే, ముందట నువ్వొక్కదానివే భయపడాలె గద బిడ్డ."

ఈ బండిలో గేరు మార్చే పని లేదు. ఎడమ చేయి చాపి, సీటు అంచు మీదున్న ఆమె చేతిని పట్టుకున్నాను. కొండ మీద గుడి కనిపిస్తోంది, నాకు సరిగా కనిపించడం లేదు, ఏడుస్తూ నవ్వుతున్నాను.

"రెండు చేతులు!" అని వెనకనుంచి మా ఆయన అరిచారు. "స్టీరింగ్ మీద రెండు చేతులు!"